డ్యూటీలో ఉన్నాడని చెప్పింది నేనే

మా పాప చేతిలో బిస్కెట్టు సగం కూడా అవకముందే మా ఆయన దొంగ అని తేలిపోయింది. లాయరు మాతో మాట్లాడింది అంతసేపే.

కోర్టు వరండాలో మా ఆయన్ని గోడవారగా నిలబెట్టారు. కుడిచేతికి బేడీ, దాని గొలుసు రెండో కొస కానిస్టేబుల్ చేతిలో. మూడు నెలల్లో మనిషి సగమైపోయాడు. చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. పాప "నాన్నా" అని చెయ్యి చాచింది గాని దగ్గరికి పోనివ్వలేదు. అప్పుడొచ్చాడు లాయరు, చంకలో ఫైళ్ళ దొంతరతో, చెవి దగ్గర ఫోనుతో. సొంతంగా లాయరుని పెట్టుకునే స్తోమత మాకు లేదు కాబట్టి ప్రభుత్వం ఇచ్చిన లాయరు. ఆయన ముఖం చూడటం అదే మొదలు.

"సైకిల్ కేసు నువ్వేనా?"

"కాదు సార్. రాగి తీగ," అన్నాడు మా ఆయన.

"ఆ, ఆ. మోటార్ల ఫ్యాక్టరీ." దొంతరలోంచి ఒక ఫైలు లాగాడు. అట్ట తెరవలేదు. "చూడు బాబూ, ఒప్పేసుకో. మూడు నెలలు ఎలాగూ లోపలే ఉన్నావు. జడ్జిగారు ఆ మూడు నెలలే శిక్ష వేసి వదిలేస్తారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. కాదూ కూడదంటే విచారణ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందాకా లోపలే."

మా ఆయన నా వంక చూశాడు. పాప వంక చూశాడు. "సరే సార్," అన్నాడు.

"బావా!" అన్నాను నేను. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. లాయరు వైపు తిరిగి, "ఆయన చేయలేదు సార్," అన్నాను.

"చేశాడా లేదా అని నేను అడగలేదమ్మా."

"అదే సార్. అడగలేదు."

ఆయన ఫోను అప్పటికే మళ్ళీ మోగింది. "భోజనాల తర్వాత పిలుస్తారు, ఎక్కడికీ పోకండి," అని, బేడీలతో ఎక్కడికి పోతాడనుకున్నాడో గాని, చరచరా వెళ్ళిపోయాడు.

"మంచి బేరమేనమ్మా," అన్నాడు కానిస్టేబుల్ నన్ను ఓదారుస్తున్నట్టు. "నేను రోజూ చూస్తూనే ఉంటా. ఒప్పుకున్నవాడు హాయిగా ఇంటికెళ్తాడు."

హాయిగానట! నా ఒళ్ళు మండిపోయింది. దొంగ అని కాగితం మీద పడ్డాక ఏ ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిస్తుంది? పాప రేపు బడికి వెళ్తే ఎవరి కూతురంటారు?

అసలు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. మూడు నెలల్లో నన్నెవరూ అడగలేదు కాబట్టి ఇక్కడైనా చెప్పుకోవాలి.

మా ఆయన ఫ్యాన్ల మోటార్లు చేసే ఫ్యాక్టరీలో కాయిళ్ళు చుడతాడు. రాగి తీగని అచ్చు మీద చుట్టి, కొసలు కత్తిరించి, పక్క బల్ల మీదికి తోస్తాడు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు. గేటు పక్కన గోడకి ఒక మిషను ఉంటుంది. ఎవరి కార్డు వాళ్ళు అందులో పెట్టి కొడితే వచ్చిన టైము అచ్చు పడుతుంది. ఒకసారి ఆలస్యమైతే మాట పడాలి, రెండోసారికి ఇంటికే. అందుకని బల్లల దగ్గర వాళ్ళు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒకరికి ఇంట్లో అత్యవసరమొస్తే పక్క బల్ల మనిషి కార్డు కొట్టేస్తాడు. ఆ మనిషి తర్వాత వెనక గేటులోంచి వచ్చి పనిలో కూర్చుంటాడు. అందరూ చేస్తారు, ఎవరూ చెప్పరు. ఆఫీసువాళ్ళకి అనుమానమొస్తే ఇంటికి మనిషిని పంపి ఆరా తీస్తారు. అందుకే ఇళ్ళల్లో ఆడవాళ్ళకి కూడా ఒకటే మాట నేర్పిపెట్టారు. ఎవరొచ్చి అడిగినా "డ్యూటీకి వెళ్ళాడు" అనాలి. నిద్రలో లేపి అడిగినా అదే అనాలి.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పాపకి ఒళ్ళు కాలిపోయింది. చూస్తుండగానే కళ్ళు తేలేసి, కట్టెలా బిగుసుకుపోయింది. మా ఆయన పాపని భుజాన వేసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి పరుగెత్తాడు, వెనకాల నేను చెప్పులు కూడా లేకుండా. పరుగెడుతూనే పక్క బల్లాయనకి ఫోను చేశాడు. "అన్నా, నా కార్డు కొట్టు." మిషన్ల మోత మీద అరిచి అరిచి గొంతు పోయిన మనిషి ఆయన, అందరికీ బొంగురన్నే. ఆసుపత్రిలో చీటీ రాశారు. రెండూ పది అని టైము ముద్ర, కింద "తండ్రి" అన్నచోట మా ఆయన సంతకం. ఇంజెక్షన్ చేసి నాలుగింటిదాకా కదలనివ్వలేదు. ఆ తర్వాతే ఆయన పనికి వెళ్ళాడు.

సరిగ్గా ఆ రెండు గంటల్లోనే స్టోరులోంచి ఎనిమిది చుట్టల రాగి తీగ మాయమైంది. షిఫ్టులో అందరి కార్డులూ ఉన్నాయి, అందరూ బల్లల దగ్గర ఉన్నారు. ఒక్క మా ఆయనకే కార్డు పడింది గాని బల్ల ఖాళీ. అంటే వాడు లోపలే ఎక్కడో నక్కి తీగ దాటించాడన్నమాట. పోలీసుల లెక్క అది.

గురువారం పొద్దున ఇద్దరు మనుషులు మా గుమ్మంలోకి వచ్చారు. మామూలు చొక్కాలే. ఒకాయన చేతిలో నోటుపుస్తకం. "మంగళవారం మధ్యాహ్నం మీ ఆయనెక్కడ?" అన్నారు. ఆఫీసువాళ్ళే అనుకున్నాను. నాలుక మీద సిద్ధంగా ఉన్న మాటే వచ్చింది. "డ్యూటీకి వెళ్ళాడండీ. ఒకటిన్నరకే బయల్దేరాడు." ఆ ఒకటిన్నర ఎవరూ అడగలేదు, నేనే తగిలించాను, ఎంత నమ్మకంగా ఉంటుందో అని. ఆయన రాసుకుని సంతకం పెట్టమన్నాడు. ఎనిమిదో తరగతిలో బడి మానిపించినా సంతకం మాత్రం గుండ్రంగా పెడతాను. పెట్టాను. వాళ్ళు పోలీసులని తెలిసేసరికి ఆ కాగితం జేబులోకి వెళ్ళిపోయింది.

స్టేషన్లో మా ఆయన కూడా అదే అన్నాడు, డ్యూటీలోనే ఉన్నానని. ఇద్దరం కలిసి ఆయన చేతికి బేడీ వేయించాం.

అదే రోజు స్టోరు కీపర్ని కూడా పట్టుకెళ్ళారు. తాళాలు అతని దగ్గరే ఉంటాయి మరి. అతను సొంత లాయరుని పెట్టుకున్నాడు. ఆ లాయరు స్టేషన్‌కే వచ్చి అతని పక్కన కూర్చుని మాట్లాడాడట. మర్నాడు మధ్యాహ్నానికి బెయిలు మీద ఇంటికొచ్చేశాడు. మా ఆయన మూడు నెలలైనా లోపలే.

జైలుకి చూడటానికి వెళ్ళినప్పుడు చెవిలో చెప్పినట్టు చెప్పాను. "ఆసుపత్రి చీటీ ఉంది కదా బావా. చూపిద్దాం."

"చూపిస్తే కార్డెవరు కొట్టారంటారు. బొంగురన్నకి ముగ్గురు పిల్లలున్నారే, ఉద్యోగం ఊడుతుంది. లాయరు రానీ. ఆయనకి చెబుదాం. ఎలా చేయాలో ఆయనకే తెలుస్తుంది."

లాయరు రాలేదు. నేనే ఆయన ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాను. జిరాక్సు షాపు మీద గది, బయట బల్ల. గుమాస్తా కోర్టులో ఉన్నారంటాడు. కోర్టుకి పోతే ఆఫీసుకి వెళ్ళారంటారు. ఓసారి పాపకి జ్వరం తగిలినట్టనిపించి మధ్యలోనే లేచి వచ్చేశాను. ఆ ఫిట్స్ వచ్చినప్పటి నుంచీ గంటకోసారి దాని నుదురు పట్టుకుని చూడనిదే నా ప్రాణం కుదుటపడదు.

అలా ఆ వరండాదాకా వచ్చాం. మధ్యాహ్నం పిలిచేలోపు నాకు రెండు గంటల టైముంది.

మెట్ల కిందికి వెళ్ళి బొంగురన్నకి ఫోను చేశాను.

"అన్నా, ఇవాళ ఒప్పుకోమంటున్నారు."

"అయ్యో చెల్లెమ్మా." మిషన్ల మోతలో ఆయన గొంతు గరగరలాడింది. "వాడేమన్నాడు?"

"సరేనన్నాడు. నువ్వొచ్చి కార్డు నేను కొట్టానని ఒక్కమాట చెబితే..."

"నేనా? కోర్టుకా?" ఎవరైనా వింటున్నారేమో అని గొంతు తగ్గించాడు. "మీ వదినకి తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వదు. పోయిన వారమే ఇద్దర్ని తీసేశారు. చూడమ్మా, వాడు సాయంత్రానికి ఇంటికొస్తాడుగా?"

"దొంగై వస్తాడు."

"ఇంటికైతే వస్తాడుగా!" అని, వెంటనే, "నా నోటితో నేను ఈ మాటన్నానంటే..." అన్నాడు. ఫోను పెట్టేశాడు. ఆయన్ని తిట్టుకుందామంటే మనసు రాలేదు. తిట్టాల్సింది ఆయన్ని కాదని తెలుసు.

లాయరు క్యాంటీన్‌లో ఉన్నాడని ఎవరో చెప్పారు. గుమ్మం మీద "లాయర్లకు మాత్రమే" అని బోర్డు. చదవగలిగాను, అయినా లోపలికి వెళ్ళాను. ఇంకో ఇద్దరితో కలిసి తింటున్నాడు. ఫైళ్ళు పక్క కుర్చీలో ఉన్నాయి, మా ఆయనకి దొరకని కుర్చీ వాటికి దొరికినట్టు. చీటీ తీసి ప్లేటు పక్కన పెట్టాను.

"ఏంటమ్మా ఇది, తిననివ్వరా?"

"ఆ టైములో ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు సార్. ముద్ర చూడండి. సంతకం చూడండి."

చూశాడు. నమిలేది ఆపి ఇంకోసారి చూశాడు. "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ముందే ఎందుకు అడగలేదు?"

పక్కనున్న లాయరు కిసుక్కుమన్నాడు. ఈయన ముఖం ఎర్రబడింది. చెయ్యి తుడుచుకుని ఫైలు తీశాడు. అప్పుడు తెరిచాడు దాన్ని మొదటిసారి, కొత్త పుస్తకంలాగా పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. వేలితో చూపించాడు. "ఒకటిన్నరకే డ్యూటీకి వెళ్ళాడని మీరే చెప్పారు. మీ సంతకమేగా? కార్డు కూడా అదే చెబుతోంది."

"అది అబద్ధం సార్. కార్డు కొట్టింది వేరేవాళ్ళు."

"ఎవరు?"

పాపని ఈ చంకలోంచి ఆ చంకకి మార్చుకున్నాను.

"అదిగో. చూశారా!" చీటీ నా వైపు తోశాడు. "ఇవాళ నా దగ్గర ఇరవయ్యారు ఫైళ్ళున్నాయమ్మా. ఇరవయ్యారు. ఇదంతా విచారణకి పెడితే నెలలు. మీ ఆయన ఒప్పుకున్నాడు, ఇంటికొస్తున్నాడు. దీన్ని పెద్దది చేయకండి."

ఇరవయ్యారు మందికి ఒక్కడు. ఆ లెక్క ఆయన తప్పు కాకపోవచ్చు. కాని ఆ లెక్కకి జైల్లో కూర్చునేది ఆయన కాదు కదా.

భోజనాల తర్వాత పిలిచారు. కోర్టు హాలు నేననుకున్నంత పెద్దది కాదు, మా బడిలో తరగతి గదంత ఉంది. జడ్జిగారు కళ్ళద్దాలావిడ, తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నారు. మా ఆయన్ని బోనులో నిలబెట్టారు. లాయరు లేచి, "ముద్దాయి నేరం ఒప్పుకుంటున్నాడు మేడం," అన్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, నాకు కాసేపు అర్థం కాలేదు.

"ముద్దాయికి లాయరు సలహా అందిందా?"

"అందింది మేడం. ఫైల్లో ఉంది."

"అందలేదండీ!"

అరిచింది నేనే. నా గొంతుకి నేనే బెదిరిపోయాను. పాప ఏడుపు లంకించుకుంది. బంట్రోతు నా వైపు వచ్చాడు. జడ్జిగారు తల ఎత్తారు.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆయన భార్యనండీ."

"కూర్చో. మీ తరఫున లాయరు మాట్లాడతారు."

"మాట్లాడటం లేదనే లేచానండీ." పాపని గట్టిగా పట్టుకున్నాను, అది పడిపోతుందనో నేను పడిపోతాననో. "ఆయన దొంగతనం టైములో పాపతో ఆసుపత్రిలో ఉన్నాడు. చీటీ ఉంది. డ్యూటీలో ఉన్నాడని పోలీసులకి చెప్పింది నేనే, అబద్ధం చెప్పాను. నన్ను శిక్షించండి. ఈ ముక్క చెప్పుకోడానికి మూడు నెలలు తిరిగాను. వినడానికి ఒక్క మనిషి దొరకలేదండీ!"

పాప ఒక్కతే ఎక్కిళ్ళు పెడుతోంది. నన్ను బయటికి గెంటిస్తారనుకున్నాను. ఆవిడ నన్ను వదిలేసి బోను వైపు తిరిగారు.

"లాయరుతో ఎప్పుడు మాట్లాడావు?"

మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. పాపని చూస్తూ, ఇంటిని చూస్తూ, సాయంత్రాన్ని చూస్తూ ఉన్న చూపది. "పొద్దున అండీ. వరండాలో. ఒప్పుకుంటే ఇంటికి పంపుతారన్నారు."

"అంతకుముందు? జైలుకి వచ్చి కలవలేదా?"

"లేదండీ."

ఆవిడ ఫైల్లో ఒక కాగితం తిప్పి చూశారు. "రెండు తేదీల్లో కలిసినట్టు ఇక్కడుంది."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "ఆ ఫారం ఆఫీసులో నింపేస్తారు మేడం... పని ఒత్తిడి..."

"బెయిలుకి అర్జీ పెట్టారా?"

"లేదు మేడం."

"మూడు నెలల్లో?"

బెయిలుకి అర్జీ పెట్టవచ్చని కూడా మాకెవరూ చెప్పలేదు. అది డబ్బున్నవాళ్ళకి మాత్రమే దొరికే వస్తువనుకున్నాం, స్టోరు కీపర్లాంటివాళ్ళకి.

జడ్జిగారు కలం పక్కన పెట్టారు. "చూడు. నువ్వు ఒప్పుకుంటే ఇవాళ వెళ్ళిపోవచ్చు. ఒప్పుకోకపోతే ఇప్పటికి వెనక్కి వెళ్ళాలి. బెయిలు అర్జీ వస్తే సోమవారం చూస్తాను, ఇస్తానని చెప్పను. ఇప్పుడు నువ్వే చెప్పు. ఆ నేరం చేశావా?"

నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

"లేదండీ."

"వినపడలేదు."

"చేయలేదండీ!"

బయట వ్యాను ఎక్కించేముందు కానిస్టేబుల్ ఒక్క నిమిషం ఆగాడు, తనే పక్కకి చూస్తూ. నేను మా ఆయన చెయ్యి పట్టుకోబోతే ఇనుమే తగిలింది.

"సాయంత్రం ఇంట్లో ఉండేవాణ్ణి కదే," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా కోసింది. "ఏం చేశావే పిల్లా! నిన్నూ అబద్ధాలకోరని రాసుకుంటారు ఇప్పుడు."

"రాసుకోనీ. నిజమేగా."

"అన్న పేరు చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు." వ్యాను మెట్టు ఎక్కాడు. జాలీలోంచి పాప కోసం చెయ్యి ఊపాడు, అది చూడలేదు, ఏడ్చి ఏడ్చి నా భుజం మీద నిద్రపోయింది. నుదురు పట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

చేయనివాడు వెనక్కి జైలుకి పోతున్నాడు. చేశానని అబద్ధమాడి ఉంటే ఈపాటికి బేడీ తీసేసేవాళ్ళు. ఇదేం ఏర్పాటో, దీనికి కోర్టని పేరు పెట్టి గుమ్మంలో జెండా కట్టిందెవరో, ఎవరైనా ఎదురుపడితే గల్లా పట్టుకుని అడగాలనిపించింది.

ఎదురుపడింది లాయరు. మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"రేపు ఆఫీసుకి రండి. అర్జీ రాద్దాం."

"రేపు కాదు సార్. ఆఫీసులో ఉంటే కోర్టంటారు, కోర్టులో ఉంటే ఆఫీసంటారు. ఇక్కడే రాయండి." నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, చేసేది లేక, ఒక మెట్టు పైన కూర్చుని ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"సరే. కార్డు కొట్టిందెవరు? అది లేకుండా ఈ చీటీ నిలబడదు."

"ఆయన పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుంది."

"మీ ఆయన నాకు చెప్పింది నేను బయటపెట్టకూడదమ్మా. అతని ఒప్పుదల లేకుండా ఒక్క ముక్క కూడా వాడకూడదు. లాయరుకి అది రూలు. ముందు వినాలి, ఆ తర్వాత ఎలా వాడాలో, అసలు వాడాలో వద్దో ఇద్దరం కూర్చుని ఆలోచిస్తాం."

మూడు నెలలు మేం నోరు కట్టుకుని కూర్చుంది ఇందుకా! ఆ ఒక్క పేరు ఎవరి చెవిన వేస్తే ఎటు పోతుందో అని, చీటీని బట్టల కింద దాచి, జైలు జాలీ దగ్గర గుసగుసలాడి! ఈయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ జైలు గేటుదాకా వచ్చి ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే!

"ఈ మాట ఆయనకెప్పుడైనా చెప్పారా?"

కలం మూత తీశాడు.

"మిగతా ఇరవయ్యైదు మందికి?"

మూత మళ్ళీ పెట్టాడు.

"అయితే ఆ పేరు నా నోటి నుంచి రాదు," అన్నాను. "రేపు మీరే జైలుకి వెళ్ళండి. ఆయన ఎదురుగా కూర్చుని ఈ రూలు చెప్పండి. ఆయనిష్టమైతే చెబుతాడు. అది అడగాల్సింది నన్ను కాదు. నేను చెప్పాల్సింది నేను చెబుతాను, అది రాసుకోండి."

ఆయన కాగితం తీశాడు. పాపని ఒళ్ళో సర్దుకుని మంగళవారం ఒంటిగంట నుంచి మొదలుపెట్టాను. మధ్యలో ఆయన గడియారం చూసుకున్నాడు. నేను ఆపేశాను. చెయ్యి దించాడు. మళ్ళీ చెప్పాను. ఆసుపత్రి మెట్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చూశాడు, మళ్ళీ ఆపేశాను. ఈసారి ఆయనే గడియారం విప్పి జేబులో వేసుకుని, "తర్వాత?" అన్నాడు.